నిప్పుటేరు నడచిన దారి: రాజమహేంద్రవరపు నల్లరాతి చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల విద్యార్థికి రాయి అపురూపమైన వస్తువు. పొలములో నాగలికి రాయి తగలదు. నూయి త్రవ్వినచో మట్టి, దాని క్రింద ఇసుక, ఆ క్రింద మరల మట్టి. ఇంటి పునాదికి వేసిన బండలు, రోడ్డుపై పరచిన కంకర, రైలుపట్టాల నడుమ పోసిన రాతిముక్కలు అన్నియు ఎక్కడనో కొండను పగులగొట్టి తెచ్చినవే. ఈ ప్రాంతమున భూగర్భశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునికి ఎదురగు మొదటి చిక్కు ఇదియే. పాఠములో అగ్నిశిలలను గూర్చి చదివిన పిల్లవానికి చూపుటకు ఊరి చుట్టుప్రక్కల ఒక్క బండయైనను లేదు.

ఇక గుహల సంగతి చెప్పనక్కరలేదు. ఈ ఊళ్ళ పిల్లలు విహారయాత్రకు పోయి చూచు గుహలు సాధారణముగ రెండు రకములు. కృష్ణ ఒడ్డున ఉండవల్లి గుహలు మనుష్యుడు ఉలితో తొలిచినవి. బెలుం, బొర్రా గుహలు నీరు తొలిచినవి. వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు సున్నపురాతిని లక్షల యేండ్లు కొద్దికొద్దిగా కరగించగా అవి ఏర్పడినవి. ఈ రెండును కాక మూడవ రకపు గుహ యొకటి కలదు. దానిని ఉలియు తొలువలేదు, నీరును కరగించలేదు. అగ్నిపర్వతము నుండి వెలువడిన లావాయే దానిని నిర్మించును. దానిని లావా సొరంగము లేక లావా గొట్టము అందురు.

ఆంధ్రదేశమున నడచి చూడదగిన లావా సొరంగ మేదియు లేదు. అయినను లావా మాత్రము ఒకప్పుడు ఇచ్చటికి వచ్చినది. తెనాలి నుండి రైలులో రమారమి 180 కిలోమీటర్లు పోయినచో గోదావరి కిరువైపుల గడ్డకట్టిన ఆ లావాను నేడును చూడవచ్చును. అది ఎచ్చటి నుండి వచ్చినది? అంతదూరము చల్లారకుండ ఎట్లు రాగలిగినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటలో నూటడెబ్బది సంవత్సరములకు పైగా గడచినవి. ఆ వెదకులాటలో లావా సొరంగముల అధ్యయనము ముఖ్యమైన తాళపుచెవి యైనది.

నిప్పు కట్టిన పైకప్పు

పాలు కాచి దించి కొంతసేపు కదపకుండ ఉంచినచో పైన మీగడ కట్టును. మీగడ క్రింది పాలు చాలసేపు వేడిగనే యుండును. లావా విషయమునను ఇట్టిదే జరుగును. భూమి పగులు నుండి వెలువడు బసాల్టు లావా వేడిమి 1100 మొదలు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండును. గాలి తగిలిన వెంటనే దాని పైభాగము నల్లబడి గట్టిపడును. గట్టిపడిన రాయి వేడిని సులభముగ పోనీయదు. కావున పైకప్పు ఏర్పడిన పిదప లోపలి లావా చల్లబడుట మిక్కిలి నెమ్మదించును. అది తన పైకప్పు క్రిందనే దారి చేసికొని ముందుకు సాగును. పర్వతమునుండి లావా రాక ఆగినపుడు లోపలిది పల్లమునకు జారిపోయి సొరంగము ఖాళీ యగును. గోడలపై లావా మట్టము ఒక్కొక్కప్పుడు ఎంత ఎత్తున నుండెనో తెలుపు చారలు మిగులును. పైకప్పు నుండి జారిన రాతిబొట్లు వ్రేలాడుచుండును.

ప్రపంచములో కొలిచిన లావా సొరంగములలో పొడవైనది హవాయి దీవిలో కిలౌయా అగ్నిపర్వతపు వాలుపై నున్న కజుమురా గుహ. దాని పొడవు 65 కిలోమీటర్లకు పైగా కలదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున ఉండారా అనుచోట సుమారు 1,90,000 సంవత్సరముల క్రిందట వెలువడిన లావా ఇట్టి సొరంగముల సాయముననే 160 కిలోమీటర్ల దూరము ప్రవహించినది. హవాయిలో ప్రవహించుచున్న లావాను కొలిచిన శాస్త్రజ్ఞులు సొరంగములో కిలోమీటరునకు సుమారు 0.6 డిగ్రీ మాత్రమే వేడి తగ్గుచున్నదని కనుగొనిరి. ఈ చిన్న సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. గోదావరి ఒడ్డున మరల దీనితో పని యున్నది.

పంగిడి గవ్వలు

గోదావరికి పశ్చిమమున కొవ్వూరు సమీపమున పంగిడి, దేవరపల్లి దగ్గర దుద్దుకూరు, గౌరీపట్నం, నదికి తూర్పున రాజమహేంద్రవరము ప్రక్కనే కాతేరు. ఈ గ్రామముల యొద్ద నల్లరాతి గుట్టలు కలవు. ఇవన్నియు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో చేరియున్నవి. కంకరకు, గోడలకు ఈ రాయి పనికివచ్చుటచే ఇచ్చట క్వారీలు త్రవ్విరి.

1835వ సంవత్సరమున మద్రాసు వైద్యశాఖకు చెందిన బెంజా అను డాక్టరు ఉత్తర సర్కారులలో ప్రయాణము చేసెను. తాను చూచిన కొండలను, రాళ్ళను గూర్చి ఆయన వ్రాసిన వివరములు 1837లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో వెలువడినవి. పంగిడి వద్ద నల్లరాతితో కలిసియున్న సున్నపురాతిపొరలో గవ్వలుండుట అందులో ముఖ్యమైన విశేషము. నల్లరాయి నిప్పునుండి పుట్టినది. గవ్వ నీటిలో పెరిగినది. ఈ రెండును ఒకే గుట్టలో ఒకదానిపై నొకటి ఉండుట ఎట్లు? లావా ఒకసారి వచ్చి ఆగినది. దానిపై నీరు నిలిచి ప్రాణులు పెరిగినవి. మరల లావా వచ్చి వాటిని కప్పివేసినది. ఇట్లు ఊహించినచో గాని ఆ వింత విడిపోదు.

అమరావతి శిల్పములను త్రవ్వించి మద్రాసునకు పంపిన వాల్టర్ ఎలియట్ పేరు గుంటూరుసీమ వారికి తెలిసినదే. ఈ ప్రాంతపు గవ్వలను సేకరించి పండితులకు అందజేసినవారిలో ఆయనయు ఒకడు. అవి నాగపురములో క్రైస్తవ మిషనరీగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ వద్దకు చేరినవి. హిస్లాప్ అదివరకే నాగపురము దగ్గర లావాపొరల నడుమ నున్న శిలాజములను పరిశీలించుచుండెను. 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసమున నాగపురపు గవ్వలతో పాటు రాజమహేంద్రవరపు గవ్వలును వర్ణింపబడినవి. అందులో ఒక ఆలుచిప్పకు పంగిడి పేరుమీదనే శాస్త్రీయనామము పెట్టబడినది. ఒక చిన్న పల్లెపేరు ఆ విధముగ ప్రపంచపు శిలాజపట్టికలో చేరినది. హిస్లాప్ ఎక్కువకాలము జీవింపలేదు. 1863 సెప్టెంబరులో నాగపురము సమీపమున ప్రాచీన రాతిసమాధులను చూచి వచ్చుచు, పొంగిన యేరు దాటబోయి నీటిలో మునిగి మరణించెను.

రెండు ప్రాంతముల గవ్వలను ఒకేచోట పెట్టి చూచుటవలన ఒక తేడా బయటపడినది. నాగపురపు గవ్వలు మంచినీటి చెరువులలో బ్రతుకునవి. రాజమహేంద్రవరపు గవ్వలలో ఉప్పునీటివి, ఉప్పును మంచినీరును కలియు నదీముఖమున బ్రతుకునవి ఎక్కువ. అనగా ఇచ్చటి లావా సముద్రతీరమునకు వచ్చి చేరినదన్నమాట.

తరువాత భారత భూగర్భ పరిశీలనశాఖ వారు ఈ తీరమంతయు నడచి పటములు వ్రాసిరి. 15వ అక్షాంశము మొదలు బందరు వరకు గల తూర్పుతీరమును రాబర్ట్ బ్రూస్ ఫూట్ పరిశీలించెను. బాపట్ల, రేపల్లె, తెనాలి ఈ హద్దులలోనే యున్నవి. బెలుం గుహలను 1884లో గుర్తించినవాడును, దక్షిణదేశమున ఆదిమానవుని రాతి పనిముట్లను మొదట కనుగొన్నవాడును ఈయనయే. గోదావరి జిల్లా తీరభాగమును విలియం కింగ్ పరిశీలించి తన నివేదికను 1880లో ప్రకటించెను. వారి శ్రమ వలన పొరల వరుస స్పష్టమైనది. అన్నిటికంటె క్రింద సముద్రపు గవ్వలు గల ఇసుకరాయి, సున్నపురాయి. దానిపై లావా. లావాల నడుమ గవ్వల సున్నపురాయి. మరల లావా. వీటన్నిటిపై చాలకాలము తరువాత ఏర్పడిన ఎర్రని రాజమహేంద్రవరపు ఇసుకరాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ లావారాతిని ట్రాప్ అని పిలుతురు. స్వీడిష్ భాషలో మెట్టు అను అర్థమిచ్చు మాటనుండి అది వచ్చినది. పడమటి కనుమలలో లావాపొరలు మెట్లవలె కనిపించుటయే ఆ పేరునకు కారణము.

వయస్సు తేలిన విధము

ఆ లావా ఎప్పటిది? గవ్వలను బట్టి కొందరు అది రాక్షసిబల్లులు సంచరించిన క్రెటేషస్ యుగపు చివరిదనిరి. కొందరు దాని తరువాతి తృతీయ యుగపు ఆరంభమున నుంచిరి. 1934లో వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సహాని ఈ ప్రశ్ననే శీర్షికగా చేసి కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు అను ఇద్దరు పరిశోధకులు రాజమహేంద్రవరము దగ్గరి సున్నపురాతిని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. 1936లో అందలి సూక్ష్మసముద్రజీవుల పెంకులను, 1939లో కారా జాతి మొక్కల శిలాజములను వర్ణించిరి. కారా అనునది నేడును చెరువులలో, నిలిచిన నీటిలో పెరుగు ఆకుపచ్చని నీటిమొక్క. దాని బీజకోశము గుండుసూది తలంత యుండి, దానిపై మరమేకు చుట్లవంటి గీతలుండును. అంత చిన్న వస్తువు కోట్ల యేండ్లు చెడక నిలిచినది.

గవ్వల సాక్ష్యము పొరల ముందువెనుకలను చెప్పును గాని సంవత్సరములలో వయస్సు చెప్పదు. ఆ పనిని తరువాత రేడియో ధార్మికత నెరవేర్చినది. లావాలో కొద్దిగా పొటాషియము ఉండును. దానిలో ఒక రకము నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారును. సగము మారుటకు సుమారు 125 కోట్ల సంవత్సరములు పట్టును. రాయి గడ్డకట్టిన నాటినుండి అందులో చిక్కుకొన్న ఆర్గాన్ ఎంతో కొలిచినచో రాతి వయస్సు తేలును. 2003లో ప్రకటితమైన కొలతల ప్రకారము రాజమహేంద్రవరపు లావాల వయస్సు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములు. పడమటి కనుమల లావాల వయస్సును రమారమి అంతే.

ఎచ్చటి నుండి వచ్చినది?

నేడు దక్కను లావాలు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. మహారాష్ట్రము వాటికి నడిబొడ్డు. తెలంగాణములో ఆదిలాబాదు, జహీరాబాదు, వికారాబాదు ప్రాంతములు వాటి తూర్పు అంచు. అచ్చటి నుండి గోదావరి తీరము వరకు వందల కిలోమీటర్ల మేర ఈ లావా జాడ లేదు. మరల రాజమహేంద్రవరము వద్దనే అది కనిపించును. దూరముగ తెగిపోయిన ఈ ముక్కను చూచి, ఇది దక్కను లావా కాదనియు, ఇచ్చటనే భూమి పగిలి వెలువడినదనియు కొందరు తలచిరి. ఆ ఊహ కొట్టివేయదగినది కాదు. గోదావరి లోయ పురాతనమైన పగుళ్ళు గల నేలయే.

దీనిని తేల్చుటకు మూడు సాక్ష్యములు తోడ్పడినవి. మొదటిది పైన చెప్పిన వయస్సు. రెండవది అయస్కాంత సాక్ష్యము. కరిగిన లావా చల్లబడునపుడు అందలి ఇనుప ఖనిజములు ఆనాటి భూమి అయస్కాంత దిశను ముద్రవలె పట్టుకొనును. భూమి అయస్కాంతపు ఉత్తర దక్షిణములు చరిత్రలో పలుమార్లు తారుమారైనవి. రాజమహేంద్రవరమున క్రింది లావాలో ముద్ర తలక్రిందులుగ నున్నది. పై లావాలో నేటివలె తిన్నగ నున్నది. పడమటి కనుమల పైపొరలలోను వరుస ఇదియే. మూడవది రసాయన సాక్ష్యము. ఏ ఊట నుండి వచ్చిన లావాకు ఆ ఊట గుర్తులుండును. అందలి టైటానియము పాలు, స్ట్రాన్షియము అణువుల రకముల నిష్పత్తి మొదలగునవి చేతిముద్రవంటివి. వీటిని పోల్చి చూడగా రాజమహేంద్రవరపు లావాలు పడమటి కనుమలలో అంబెనాలి, మహాబలేశ్వరము అను పేర్లు గల పొరలతో సరిపోయినవి.

లావా పురాతనమైన నదీలోయలను పట్టుకొని తూర్పునకు వచ్చియుండునని 1994లో ఒక శాస్త్రజ్ఞుల బృందము సూచించినది. 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు సాక్ష్యములన్నిటిని క్రోడీకరించి, ఈ ప్రవాహముల పొడవు 1000 కిలోమీటర్లకు మించుననియు, భూమిపై తెలిసిన లావా ప్రవాహములలో ఇవియే మిక్కిలి పొడవైనవి కావచ్చుననియు వాదించిరి. స్థానికముగ వెలువడినదను పక్షము పూర్తిగ అంతరించలేదు. అయినను సాక్ష్యముల బరువు ఇప్పుడు పడమటి వైపే మొగ్గియున్నది.

చల్లారకుండ ఎట్లు వచ్చినది?

ఇప్పుడు 0.6 అను సంఖ్యను మరల తలచుకొనవలెను. పగులు నుండి లావా 1150 డిగ్రీలతో బయలుదేరినదనియు, 1050 డిగ్రీలకు దిగునప్పటికి ముద్దకట్టి ఆగిపోవుననియు అనుకొందము. దాని ప్రయాణపు ఖర్చునకు చేతనున్న మూలధనము 100 డిగ్రీలు. హవాయి సొరంగములలో వలె కిలోమీటరునకు 0.6 డిగ్రీ ఖర్చైనచో ఆ ధనము సుమారు 167 కిలోమీటర్లకు సరిపోవును. ఉండారా లావా 160 కిలోమీటర్లు పోయి ఆగుట ఈ లెక్కకు దగ్గరగనే యున్నది. కాని మహాబలేశ్వరము నుండి రాజమహేంద్రవరమునకు రావలెనన్న ఖర్చు కిలోమీటరునకు 0.1 డిగ్రీకి మించరాదు. కావున సన్నని సొరంగము చాలదు.

ఈ చిక్కును విప్పినది హవాయి నేలయే. అచ్చట శాస్త్రజ్ఞులు పారుచున్న లావాను ప్రక్కన నిలిచి కొలిచి 1994లో ఒక వింత ప్రకటించిరి. చదునైన నేలపై లావా మొదట మోకాలి ఎత్తు కూడ లేని పలుచని పలకగా పరచుకొనును. పైన మీగడ కట్టును. లోపలికి లావా వచ్చుచునే యుండుటవలన ఆ మీగడ పగులక, గాలి కొట్టిన తోలుతిత్తి వలె పైకి లేచును. కొద్ది వారములలో ఆ పలక మనిషి ఎత్తును మించును. పైకప్పు మందము ఎంత కాలములో ఎంత పెరుగునో కూడ వారు లెక్కకట్టిరి. 1 మీటరు మందమునకు సుమారు 7 రోజులు, 2 మీటర్లకు సుమారు 4 వారములు, 5 మీటర్లకు దాదాపు 6 నెలలు, 10 మీటర్లకు రమారమి రెండేండ్లు పట్టును. మందము రెండింతలైన కాలము నాలుగింతలగును. ఉన్నతపాఠశాల విద్యార్థి దీనిని గళ్ళకాగితముపై గీసి చూచినచో వక్రరేఖ ఎట్లు వంగునో తెలియును.

దక్కనులో జరిగినది ఇట్టిదే గాని పరిమాణము వేరు. అది సన్నని గొట్టము గాక, మైళ్ళకొలది వెడల్పు, పదుల మీటర్ల మందము గల పలక. అంత మందపు లావాలో లోపలి వేడికి పోలిస్తే పైకప్పు గుండ పోవు వేడి స్వల్పము. చిన్న గిన్నెలోని పాలు త్వరగ చల్లారును. పెద్ద గంగాళములోని పాలు గంటలకొలది వేడిగ నుండును. సూత్రము రెంటికిని ఒకటియే. కావున లావా సొరంగము ఒక పెద్ద సంగతికి చిన్న నమూనా వంటిది. సొరంగమును అర్థము చేసికొనినవారికే పలక అర్థమైనది.

మరి దక్కనులో నిజమైన సొరంగములు లేవా? పూనా, సతారా ప్రాంతములలో లావా గొట్టముల జాడలున్నవని కొందరు, కనిపించునది మరొకటి యని కొందరు 2002 నాటికే వాదించుకొనిరి. 2004లో మహారాష్ట్రములోని దౌండు వద్ద అట్టి గొట్టముల వ్యవస్థ ఉండవచ్చునని ఒక పరిశోధక బృందము వర్ణించినది. ఉన్నవియు పూడిపోయినవే గాని మనుష్యుడు దూరి నడువదగినవి కావు.

క్వారీలో తెరచిన పుట

రాజమహేంద్రవరపు రాయి మరియొక పెద్ద ప్రశ్నకును సాక్షి యైనది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట రాక్షసిబల్లులతో పాటు భూమిపై నుండిన జీవజాతులలో చాల భాగము నశించినవి. మెక్సికో దేశపు చిక్షులూబ్ వద్ద పడిన గ్రహశకలము దీనికి కారణమని ఒక పక్షము. దక్కను లావాలతో పాటు వెలువడిన విషవాయువులును కారణమని మరియొక పక్షము. లావా పొంగిన కాలమును, జాతులు నశించిన కాలమును ఒకేచోట పోల్చవలెనన్న రెండింటి గుర్తులును ఒకే గుట్టలో ఉండవలెను. మహారాష్ట్రములోని లావాల నడుమ మంచినీటి పొరలే గాని సముద్రపు పొరలు సాధారణముగ లేవు. పంగిడి ప్రాంతమున అవి కలవు.

2008లో గెర్టా కెల్లర్, ఆమె సహచరులు ఈ క్వారీల సున్నపురాతిలో సూక్ష్మసముద్రజీవుల పెంకులను పరిశీలించిరి. క్రింది లావాపై నున్న పొరలో, సర్వనాశనము తరువాత మొదట పుట్టిన చిన్న జాతుల పెంకులే కనిపించినవి. కావున దక్కను విస్ఫోటనములలో ప్రధానమైన ఘట్టము ఆ నాశనకాలమునకు దగ్గరగ ముగిసినదని వారు తేల్చిరి. కృష్ణా గోదావరి బేసినులో చమురు కొరకు ఓ.ఎన్.జి.సి. త్రవ్విన లోతైన బావుల రాతిముక్కలను పరీక్షించి 2012లో మరికొన్ని సాక్ష్యములు ప్రకటించిరి. తరువాతి కాలనిర్ణయములు లావాలు ఆ నాశనమునకు ముందును, తరువాతను కూడ వెలువడినట్లు చూపినవి. రెండు కారణములలో దేని పాలు ఎంత అను వివాదము ఇంకను సాగుచున్నది.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఈ సాక్ష్యము బయటపడినది క్వారీల వలననే. కంకరకై త్రవ్వినవారే ఆ పుటను తెరచిరి. త్రవ్వకము మరికొంత సాగినచో ఆ పుట కంకరతోపాటు లారీ యెక్కిపోవును. నల్లరాతికి కొరత లేదు. గవ్వల పొర మాత్రము పలుచనిది. అచ్చటచ్చట కొన్ని గజముల గోడనైన విడిచిపెట్టుట మేలు.

ఒక పగటి యాత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె పాఠశాలల వారు దీనిని ఒక పగటి యాత్రలో చూచి రావచ్చును. బాపట్ల, తెనాలి ప్రధాన రైలుమార్గముననే యున్నవి. రేపల్లె శాఖామార్గము తెనాలిలో కలియును. మూడు ఊళ్ళవారును తెనాలిలో కలిసికొని వేకువనే బయలుదేరి, విజయవాడ, ఏలూరుల మీదుగ కొవ్వూరులో దిగినచో పంగిడి దగ్గరనే.

ముందుగ క్వారీ యజమాని అనుమతి తీసికొనవలెను. మందుగుండు పేల్చు వేళలు అడిగి తెలిసికొనవలెను. నిలువుగోడ క్రింద ఎవ్వరును నిలువరాదు. తలకు గట్టి టోపీ, కాలికి బూట్లు ఉండవలెను. నీరు నిలిచిన గుంటలలో దిగరాదు. ఇరువదిమందికి మించిన జట్టును చిన్న జట్లుగ విభజించి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క ఉపాధ్యాయుని క్రింద నుంచుట మంచిది.

వెంట తీసికొనిపోవలసినవి ఒక భూతద్దము, ఒక అయస్కాంతము, ఒక కొలతటేపు, చిన్న సీసాలో పలుచని హైడ్రోక్లోరికామ్లము. ఆమ్లపు సీసా ఉపాధ్యాయుని చేతిలోనే యుండవలెను. నల్లరాతి పొడిని అయస్కాంతము పట్టుకొనును. నడిమి సున్నపురాతిపై ఆమ్లపు చుక్క వేసిన నురుగు లేచును. లావా పలక పైభాగమున బుడగల రంధ్రములు దట్టముగ నుండును. అవి వాయువు తప్పించుకొన జూచి మీగడ క్రింద చిక్కుకొన్న చోట్లు. కొన్ని రంధ్రములు తెల్లని ఖనిజములతో నిండియుండును. పలక నడిమి భాగము గట్టిగ, నునుపుగ నుండును. కొన్నిచోట్ల అది స్తంభములవలె నిలువుగ చీలియుండును. చల్లబడిన రాయి కుంచించుకొనుటయే దానికి కారణము. రంధ్రములు గల పైపొర మందమును టేపుతో కొలిచి, పైన చెప్పిన లెక్క ప్రకారము ఆ పైకప్పు ఎన్నిరోజులలో ఏర్పడెనో విద్యార్థులే కట్టవచ్చును. గవ్వల పొరను చేతితో తాకి చూచుటయే చాలును. సుత్తితో కొట్టి ఊడదీయరాదు. తరువాత వచ్చు జట్టునకును అది మిగిలియుండవలెను.

సాయంకాలపు రైలులో తిరిగి వచ్చునపుడు పటము విప్పి చూచినచో మరియొక సంగతి తోచును. భూగర్భశాస్త్రజ్ఞుల పటములలో బాపట్ల పేరును కనిపించును. కృష్ణా ఉపబేసినును పశ్చిమగోదావరి ఉపబేసినును వేరుచేయు భూగర్భపు గట్టును వారు బాపట్ల హార్స్ట్ అని పిలుతురు. ఒండ్రు క్రింద మరుగుపడిన ప్రాచీన శిలల గట్టు అది. ఊళ్ళో రాయి కనిపించకున్నను ఊరి క్రింద, లోతున, రాయి యున్నది.

లావా సొరంగముల కథ భూమితో ముగియలేదు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 పంపిన చిత్రములను పరిశీలించి భారతీయ శాస్త్రజ్ఞులు చంద్రునిపై కూలిపోని లావా సొరంగ మొకటి యున్నదని 2011లో ప్రకటించిరి. దాని పొడవు సుమారు 1.7 కిలోమీటర్లు, ఎత్తు 120 మీటర్లు, వెడల్పు 360 మీటర్లు. చంద్రునిపై గాలి లేదు. పగలు మండు ఎండ, రాత్రి గడ్డకట్టు చలి. కావున భవిష్యత్తులో అచ్చటకు పోవువారికి అట్టి రాతి పైకప్పు మంచి ఆశ్రయము కాగలదని వారు సూచించిరి. వేడిని లోపల నిలిపిన పైకప్పే వేడిచలుల నుండి మనుష్యుని కాపాడగలదు.

మహాబలేశ్వరము కొండలయందే కృష్ణానది పుట్టినది. అది సుమారు 1400 కిలోమీటర్లు ప్రవహించి రేపల్లెకు సమీపమున సముద్రములో కలియును. దారి పొడవున దక్కను లావాలను ఒరసి, వాన అరగదీసిన ఆ రాతిపొడిని మోసికొనివచ్చి, గత కొన్నివేల యేండ్లలో ఈ డెల్టాను నింపినది. తడిసిన ఉబ్బి, ఎండిన బీటలువారు ఇచ్చటి నల్లమట్టిలో ఎక్కువ భాగము ఆ లావా మారిన రూపమే. ఒకే కొండలనుండి ఒకే తీరమునకు ఒకే రాయి రెండు మారులు ప్రయాణము చేసినది. మొదటిసారి నిప్పుగ వచ్చి గోదావరి ఒడ్డున ఆగినది. రెండవసారి ఒండ్రుగ వచ్చి కృష్ణ ఒడ్డున వరిపొలమైనది. తెనాలి ఉపాధ్యాయుడు అగ్నిశిలకై వెదకుచు పంగిడి వరకు పోవుట మంచిదే. పోవుటకు ముందు పాఠశాల తోటలోని గుప్పెడు మట్టిని పిల్లల చేతిలో నుంచి పాఠము ఆరంభించవచ్చును.